పాత కంప్యూటర్లున్న దస్తావేజు కార్యాలయంలో లినక్స్ మింట్: తెలుగు అక్షరాలు, ప్రింటరు, పాత ఫైళ్లు

దస్తావేజు గది | నవంబరు 3, 2025

అందరికీ నమస్కారం. తెనాలిలో మా బాబాయి గారు ముప్పై ఏళ్లుగా దస్తావేజులు రాస్తున్నారు. కార్యాలయంలో నాలుగు కంప్యూటర్లు ఉన్నాయి. వాటిలో మూడు మూడవ తరం ఐ3 ప్రాసెసరు, 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్కు ఉన్నవి. నాలుగవది కొంచెం కొత్తది, దానిలో మా లెక్కలు ట్యాలీలో నడుస్తాయి. అక్టోబరు 14తో విండోస్ 10కు మద్దతు ఆగిపోయింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పుతో పాటు ఇంటెల్‌లో ఎనిమిదవ తరం ప్రాసెసరు కావాలి కాబట్టి, మా మూడు యంత్రాలకూ ఆ దారి లేదు. మాకు మరమ్మతులు చేసే దుకాణం వారు మూడింటినీ తీసేసి కొత్తవి కొనమన్నారు. యంత్రాలు నిక్షేపంగా పనిచేస్తుండగా వాటిని పారేయడానికి బాబాయికి మనసొప్పడం లేదు, నాకూ ఒప్పడం లేదు.

విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేద్దామని అనుకుంటున్నాను. నన్ను భయపెడుతున్నవి మూడు విషయాలు. పదేళ్లకు పైగా రాసిన దస్తావేజులన్నీ పుటలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ అయిన పేజ్‌మేకర్ 7లో, అను ఫాంట్లలో ఉన్నాయి. బాబాయికి, మా దగ్గర పనిచేసే టైపిస్టు గారికి యాపిల్ అనే తెలుగు కీబోర్డు అమరిక తప్ప మరొకటి రాదు. ప్రింటరు హెచ్‌పీ లేజర్‌జెట్ 1020. వీటిలో ఏది ఆగినా రిజిస్ట్రేషన్ రోజున కక్షిదారులు వరండాలో నిలబడాల్సి వస్తుంది. ఎక్కడ మొదలుపెట్టాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

కృష్ణలంక | నవంబరు 3

దస్తావేజు గది గారూ, మీరు అడిగిన క్రమంలోనే మీ జాగ్రత్త కనిపిస్తోంది, అందుకు సంతోషం. ముందుగా ఒక్క మాట: ఈ వారం ఏ యంత్రంలోనూ విండోస్‌ను తీసేయకండి. విండోస్ 10కు అదనపు భద్రతా అప్‌డేట్లను వ్యక్తిగత వాడుకదారులకు 2026 అక్టోబరు 13 వరకు ఇస్తున్నారు. అది శాశ్వత పరిష్కారం కాకపోయినా, మీకు తొందర లేకుండా పని చేసుకోవడానికి కొన్ని నెలల వ్యవధి ఇస్తుంది.

మీ యంత్రాలకు లినక్స్ మింట్ 22 శ్రేణిలోని, పాత యంత్రాల మీద తేలికగా నడిచే ఎక్స్‌ఎఫ్‌సీఈ కూర్పు సరిపోతుంది. అది ఉబుంటు అనే మరో లినక్స్ 24.04 కూర్పు పునాది మీద తయారైనది, 2029 వరకు భద్రతా అప్‌డేట్లు వస్తాయి. 2 జీబీ ర్యామ్‌తో నడుస్తుందని వారే చెబుతారు కానీ, బ్రౌజరులో నాలుగు ట్యాబులు తెరిచే కార్యాలయానికి 4 జీబీ ఉండాలన్నది నా అభిప్రాయం. డబ్బు ఖర్చు పెట్టదలిస్తే మొదటి ఖర్చు వేగంగా పనిచేసే కొత్త రకం డిస్కు అయిన ఎస్‌ఎస్‌డీ మీద పెట్టండి. పాత హార్డ్ డిస్కును మార్చకుండా ఆపరేటింగ్ సిస్టమ్ ఒక్కటే మారిస్తే యంత్రం తేలికపడినట్టు అనిపించదు. ఇంకొక లాభం కూడా ఉంది: పాత డిస్కును విప్పి, పేరు రాసి బీరువాలో పెట్టుకుంటే, ఏదైనా తేడా వచ్చిన రోజు దాన్ని తిరిగి తగిలించి పాత స్థితికి పది నిమిషాల్లో వెళ్లవచ్చు.

మింట్‌ను పెన్‌డ్రైవ్ మీదికి ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండానే దాని నుంచి యంత్రాన్ని నడిపించవచ్చు. దించుకున్న ఫైలు చెక్‌సమ్ (ఫైలు పాడవకుండా దిగిందో లేదో పోల్చి చూసే సంఖ్య) సరిపోయిందో లేదో తప్పక చూడండి, సగం దిగిన ఫైలుతో మొదలుపెట్టి రెండు రోజులు తలపట్టుకున్నవారిని నేను చూశాను. అలా నడిపించినప్పుడే ప్రింటరు, స్కానరు, వైఫై, తెలుగు టైపింగు ఒక్కొక్కటే పరీక్షించండి. నాలుగూ పనిచేశాకే ఇన్‌స్టాల్ చేయండి, అదీ ఒక్క యంత్రంలోనే, రిజిస్ట్రేషన్లు లేని ఆదివారం నాడు.

అక్షరశాల | నవంబరు 4

నేను ఇరవై ఏళ్లు డీటీపీ పని చేసినవాడిని కాబట్టి అను ఫైళ్ల సంగతి నేను చెబుతాను. ఇది మీ పనిలో అన్నిటికన్నా కష్టమైన భాగం.

అను ఫాంట్లలో రాసినది కంప్యూటరు దృష్టిలో తెలుగు కాదు. అది ఇంగ్లీషు అక్షరాలూ గుర్తుల వరుస, ఫాంటు మాత్రమే వాటికి తెలుగు రూపం తొడుగుతుంది. పైగా కొన్ని అక్షరాలను ఒకే ముక్కగా కాక, తలకట్టు, కొమ్ము, ఒత్తు అన్నీ విడివిడి ముక్కలుగా కూర్చారు. అందుకే ఫాంటు లేని యంత్రంలో అది పిచ్చిగీతలుగా కనిపిస్తుంది. యూనికోడ్‌లో అలా కాదు, ‘క’ అన్న అక్షరానికి ప్రపంచమంతటా ఒకే సంఖ్య ఉంటుంది, ఒత్తు ఎక్కడ కూర్చోవాలో ఫాంటు చూసుకుంటుంది.

మీరు చేయవలసింది ఇది. ఇప్పటికే రిజిస్టరు అయిన దస్తావేజుల జోలికి వెళ్లకండి. వాటిని ఇప్పుడున్న విండోస్ యంత్రంలోనే పేజ్‌మేకర్‌లో తెరిచి, ఫాంట్లు ఫైలులో ఇమిడేలా పీడీఎఫ్‌గా మార్చి, సంవత్సరాల వారీగా భద్రపరచండి. ఎప్పుడు తెరిచినా రాసింది రాసినట్టే కనిపిస్తుంది, ఎవరూ పొరపాటున ఒక్క అక్షరం కూడా మార్చలేరు. లినక్స్‌లో ఆఫీసు పనులకు వాడే ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్‌లో 4.4 వెర్షను నుంచి పేజ్‌మేకర్ ఫైళ్లను తెరిచే సౌకర్యం ఉంది, అవి డ్రా అనే భాగంలో తెరుచుకుంటాయి. అయితే అమరిక ఉన్నది ఉన్నట్టు వస్తుందని నమ్మి పాత యంత్రాన్ని మాత్రం తుడిచేయకండి.

యూనికోడ్‌లోకి మార్చవలసినవి మీ నమూనాలు మాత్రమే: క్రయదస్తావేజు, దానదస్తావేజు, తనఖా, భాగపంపిణీ, వీలునామా, జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ). ఇవన్నీ కలిపినా ఇరవై ముప్పైకి మించవు. అను నుంచి యూనికోడ్‌కు మార్చే పరికరాలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. మీది ఏ వెర్షనో చూసుకుని దానికి తగినది ఎంచుకోవాలి. మార్చాక ప్రతి వాక్యాన్నీ చదవాలి. అందులో కక్షిదారుల పేర్లు, చిరునామాలు, ఆధార్ సంఖ్యలు ఉన్న కాగితాలను అలాంటి వెబ్‌సైట్లలో అతికించకండి, ఖాళీ నమూనాను మాత్రమే ఇవ్వండి. ఇది నా మనసులోంచి చెబుతున్న మాట, ఎందుకంటే ఆ వివరాలు మనవి కావు, మనల్ని నమ్మి ఇచ్చినవారివి.

దస్తావేజు గది | నవంబరు 9

కృష్ణలంక గారికి, అక్షరశాల గారికి ధన్యవాదాలు. పెన్‌డ్రైవ్ నుంచి మింట్ నడిపించాను, వైఫై, స్కానరు వెంటనే పనిచేశాయి. ఎస్‌ఎస్‌డీ ఒకటి కొన్నాను.

క్రయదస్తావేజు నమూనాను యూనికోడ్‌లోకి మార్చి చూశాను. పేరాలు బాగానే వచ్చాయి, షెడ్యూలు దగ్గర మాత్రం గుండె ఆగినంత పనైంది. పాత నమూనాలో ఉదాహరణకు ఒక సర్వే నంబరు ఉంచుకున్నాము. అందులో 145/2 పక్కన ఇంగ్లీషులో ఉండవలసిన ‘ఏ’ అక్షరం మాయమై, దాని స్థానంలో అర్థంలేని తెలుగు ముక్క ఒకటి వచ్చి కూర్చుంది. ఆస్తి హద్దులు చెప్పే చెక్కుబందీలో కూడా రెండు చోట్ల ఒత్తులు పక్క అక్షరానికి జారాయి. నేను గమనించలేదు, బాబాయి కళ్లద్దాలు పైకి నెట్టి, తెర మీద వేలు పెట్టి చూపించారు. ఇది ఎందువల్ల జరిగింది? ఇంకెన్ని చోట్ల ఇలా ఉంటుందో ఎలా తెలుసుకోవాలి?

అక్షరశాల | నవంబరు 9

బాబాయి గారి చూపుకు నమస్కారం. కారణం ఇది. పేజ్‌మేకర్‌లో ఆ ‘ఏ’ అక్షరానికి వేరే ఇంగ్లీషు ఫాంటు పెట్టి ఉంటారు. మీరు ఆ పాఠాన్ని నకలు చేసి మార్పిడి పరికరంలో అతికించినప్పుడు ఏ ముక్క ఏ ఫాంటులో ఉందన్న సమాచారం పోతుంది, కాబట్టి అది అసలైన ఇంగ్లీషు అక్షరాన్ని కూడా అను ముక్క అనుకుని తెలుగులోకి మార్చేసింది. అంటే మీ నమూనాలో ఇంగ్లీషు అక్షరం ఉన్న ప్రతి చోటా ఈ ప్రమాదం ఉంది: సర్వే నంబర్ల ఉపవిభాగాలు, ఇంటి నంబర్లు, పాన్ సంఖ్యలు, బ్యాంకు చెక్కుల వివరాలు.

పరిష్కారం పాతదే. ఒకరు పాత కాగితం నుంచి గట్టిగా చదవాలి, మరొకరు కొత్తదాన్ని తెర మీద చూడాలి. సంఖ్యలను అంకె అంకెగా పలకాలి, ‘నూట నలభై ఐదు’ అనకుండా ‘ఒకటి, నాలుగు, అయిదు’ అనాలి. తరువాత నమూనాలో సంఖ్యలు వచ్చే చోట్లన్నీ ఖాళీ చుక్కలు పెట్టేసి, ప్రతిసారీ మూల పత్రం చూసి కొత్తగా టైపు చేసే పద్ధతి పెట్టుకోండి. ఉదాహరణ సంఖ్య ఉన్న నమూనా యూనికోడ్‌లో ఉన్నా ప్రమాదమే.

ఖాతా పుస్తకం | నవంబరు 10

నేను వరంగల్‌లో చిన్న వ్యాపారుల లెక్కలు చూస్తాను. నాలుగవ యంత్రం గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి రాస్తున్నాను. ట్యాలీ ప్రైమ్ విండోస్ కోసం తయారైనది, కాబట్టి ఆ యంత్రాన్ని అలాగే ఉంచండి. విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపే వైన్ అనే సాఫ్ట్‌వేర్ మీద ప్రయత్నాలు ఇంట్లో చేసుకోవచ్చు, ఆర్థిక సంవత్సరం మధ్యలో కార్యాలయంలో చేయకూడదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లోనే లెక్కలు చూసుకోవాలన్న కోరిక ఉంటే మన దేశంలోనే తయారైన గ్నూఖాతా ఉంది, గ్నూక్యాష్ కూడా ఉంది. ఏప్రిల్ ఒకటిన మొదలుపెట్టి, మూడు నెలలు రెండింటిలోనూ రాసి చూసుకుంటే తేడాలు తెలుస్తాయి.

డిజిటల్ సంతకం టోకెన్ వాడుతుంటే, దానికి లినక్స్ డ్రైవరు ఇస్తున్నారో లేదో టోకెన్ అమ్మినవారిని ముందే అడగండి. ఇస్తే, ఫైర్‌ఫాక్స్ సెట్టింగులలో భద్రతా పరికరాలు అన్న చోట ఆ డ్రైవరు ఫైలును చూపించాలి. లేదంటే సంతకాలన్నీ విండోస్ యంత్రం నుంచే పెట్టండి.

గోదావరి గట్టు | నవంబరు 10

ప్రింటరు విషయం నాకు వదిలేయండి, రాజమహేంద్రవరంలో ఈ 1020 ప్రింటర్లను ఎన్నిటిని లినక్స్‌కు కలిపానో లెక్కలేదు. ఈ ప్రింటరు తనను నడిపించే లోపలి సాఫ్ట్‌వేర్‌ను, అంటే ఫర్మ్‌వేర్‌ను తనలో దాచుకోదు. ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటరే దాన్ని యూఎస్‌బీ తీగ ద్వారా పంపాలి. విండోస్‌లో ఆ పని డ్రైవరు మనకు తెలియకుండా చేస్తుంది. లినక్స్‌లో హెచ్‌పీఎల్‌ఐపీ అనే సాఫ్ట్‌వేర్ చేస్తుంది కానీ, దానికి ఒక అదనపు ప్లగిన్ కావాలి. ఆ ప్లగిన్ ఓపెన్ సోర్స్ కాదు కాబట్టి మింట్‌తో పాటు రాదు, హెచ్‌పీ-సెటప్ నడిపినప్పుడు ఇంటర్నెట్ నుంచి దించుకుంటుంది, లైసెన్సుకు మీ అంగీకారం అడుగుతుంది. ప్లగిన్ వెర్షను, హెచ్‌పీఎల్‌ఐపీ వెర్షను ఒకటే అయి ఉండాలి. ఎప్పుడైనా అప్‌డేట్ తరువాత ప్రింటరు మౌనం వహిస్తే, హెచ్‌పీ-ప్లగిన్ ఆదేశాన్ని మళ్లీ నడిపించడం మొదటి వైద్యం.

దస్తావేజు గది | నవంబరు 18

ఆదివారం ఒక యంత్రంలో మింట్ వేశాను. పాత డిస్కు పేరు, తేదీ రాసి బీరువాలో పెట్టాను. తెరుచుకోవడానికి మూడు నిమిషాలు పట్టే యంత్రం ఇప్పుడు అర నిమిషం లోపే సిద్ధమవుతోంది, టైపిస్టు గారు నమ్మలేదు.

రెండు సమస్యలు వచ్చాయి. మొదటిది: నిన్న కరెంటు పోయి వచ్చాక, పంపిన కాగితాలు పూర్తయినట్టు కంప్యూటరు చూపిస్తోంది కానీ ప్రింటరు కదలలేదు. రెండవది: లిబ్రేఆఫీస్‌లో తెలుగు ఫాంటు మండలి అని పెట్టినా, కొత్త ఫైలు తెరిచిన ప్రతిసారీ అక్షరాలు వేరే ఆకారంలో, వరుసల మధ్య దూరం ఎక్కువగా వస్తున్నాయి. పాతిక వరుసలు రావలసిన పేజీలో ఇరవై ఒకటే వస్తున్నాయి.

గోదావరి గట్టు | నవంబరు 18

మొదటిదానికి కారణం నేను చెప్పిన ఫర్మ్‌వేరే. యూపీఎస్ మీద ఉన్న కంప్యూటరు ఆగలేదు, గోడ ప్లగ్గులో ఉన్న ప్రింటరు ఆగి మళ్లీ వెలిగింది, ఖాళీ బుర్రతో లేచింది. యూఎస్‌బీ తీగను ఒకసారి తీసి పెట్టి చూడండి, పరికరం కొత్తగా తగిలించినట్టు గుర్తించి ఫర్మ్‌వేర్ పంపుతుంది. లేజర్ ప్రింటరును చిన్న యూపీఎస్‌కు మాత్రం తగిలించకండి, డ్రమ్ము వేడెక్కేటప్పుడు అది లాగే కరెంటుకు చిన్న యూపీఎస్ తట్టుకోదు.

కృష్ణలంక | నవంబరు 18

చిన్న సవరణ, గోదావరి గట్టు గారూ: వేడెక్కేది డ్రమ్ము కాదు, టోనరును కాగితానికి అతికించే ఫ్యూజరు. సలహా మాత్రం నూటికి నూరుపాళ్లు సరైనది.

ఫాంటు సంగతి. లిబ్రేఆఫీస్ ఇంగ్లీషు వంటి లిపులకు ఒక ఫాంటు, తెలుగు, హిందీ వంటి లిపులకు వేరే ఫాంటు గుర్తుపెట్టుకుంటుంది. రెండవ కోవను సీటీఎల్ అంటారు. లినక్స్‌లో ఆ స్థానంలో తరచూ ఏదో ఒక దేవనాగరి ఫాంటు ఉంటుంది. అందులో తెలుగు అక్షరాలు ఉండవు కాబట్టి కంప్యూటరు తనకు దొరికిన తెలుగు ఫాంటును అరువు తెచ్చుకుంటుంది, వరుసల ఎత్తు కూడా దానితో పాటే మారుతుంది. టూల్స్, ఆప్షన్స్‌లోకి వెళ్లి, భాషల సెట్టింగులలో సీటీఎల్‌ను ఎంచుకుని, దాని భాషగా తెలుగు పెట్టండి. ఆ తరువాత లిబ్రేఆఫీస్ రైటర్ కింద బేసిక్ ఫాంట్స్ సీటీఎల్ అన్న పుట కనిపిస్తుంది, అక్కడ అన్ని గడులలోనూ మండలి పెట్టండి. వరుసల మధ్య దూరాన్ని అనుపాతంలో కాక, ఫిక్స్‌డ్ అన్న పద్ధతిలో పాయింట్లలో ఇస్తే, ఏ యంత్రంలో తెరిచినా పాతిక వరుసలు పాతికగానే ఉంటాయి.

మండలితో పాటు రామభద్ర, ఎన్‌టీఆర్, సూరన్న, గురజాడ, పెద్దన వంటి తెలుగు ఫాంట్లన్నీ స్వేచ్ఛగా వాడుకోవడానికి దొరుకుతున్నాయి. దస్తావేజుకు అలంకారం లేని ఫాంటే మంచిది, ఫోటోకాపీ తీసిన ఫోటోకాపీలో కూడా ఒత్తులు చదవగలిగేలా ఉండాలి.

నల్లమల అంచు | నవంబరు 20

చర్చ మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. మాకు క్యానన్ ఎల్‌బీపీ 2900 ఉంది. దాన్ని విండోస్ యంత్రానికే ఉంచి, నెట్‌వర్కులో పంచుకుంటే లినక్స్ నుంచి ప్రింటు తీయవచ్చని ఒక మిత్రుడు చెప్పారు. నిజమేనా?

గోదావరి గట్టు | నవంబరు 20

చాలామంది అలాగే అనుకుంటారు కానీ, పంచుకున్నంత మాత్రాన పని కాదు. ఆ ప్రింటరుకు క్యాప్ట్ అనే సొంత భాష ఉంది. విండోస్ యంత్రం కేవలం తలుపు తీసి ఉంచుతుంది, ఆ భాషలోకి మార్చవలసిన బాధ్యత పంపే యంత్రానిదే అవుతుంది. లినక్స్ కోసం క్యానన్ డ్రైవరు ఉంది కానీ, దానిలో 32 బిట్ల భాగాలు ఉండడం వల్ల ఇప్పటి 64 బిట్ల సిస్టమ్‌లో అదనపు లైబ్రరీలు వేయాలి. ఓపిక ఉంటే చేయవచ్చు. రోజుకు పది కాగితాలే అయితే ఉమ్మడి ఫోల్డరు ఒకటి పెట్టుకోండి: లినక్స్ యంత్రం అందులో పీడీఎఫ్ దాస్తుంది, విండోస్ యంత్రం దగ్గర కూర్చున్నవారు దాన్ని తెరిచి ప్రింటు ఇస్తారు. మోటుగా కనిపించినా అది ఎప్పుడూ మొరాయించదు.

దస్తావేజు గది | నవంబరు 27

ఫాంటు, వరుసలు కుదిరాయి. రెండవ యంత్రానికి కొత్త డిస్కు కొనలేదు కాబట్టి విండోస్ పక్కనే మింట్ వేశాను. ఇప్పుడు విండోస్‌లోకి వెళ్లినప్పుడల్లా గడియారం అయిదున్నర గంటలు వెనక్కి ఉంటోంది. అలాగే, విండోస్ భాగంలోని ఫైళ్లను మింట్ నుంచి తెరవగలుగుతున్నాను కానీ, మార్చి దాచనివ్వడం లేదు.

కృష్ణలంక | నవంబరు 27

అయిదున్నర గంటలు అన్న అంకెలోనే జవాబు ఉంది, మన దేశపు సమయానికీ అంతర్జాతీయ ప్రమాణ సమయానికీ ఉన్న తేడా అది. మదర్‌బోర్డు గడియారంలో ప్రమాణ సమయం ఉందని లినక్స్ అనుకుంటుంది, స్థానిక సమయం ఉందని విండోస్ అనుకుంటుంది. టైమ్‌డేట్‌సీటీఎల్ ఆదేశంతో స్థానిక సమయాన్నే వాడమని లినక్స్‌కు చెబితే ఇద్దరికీ రాజీ కుదురుతుంది. ఒకవేళ సమయం కాక, తేదీయే ఏళ్ల వెనక్కి పోతుంటే, అది బోర్డు మీది సీఆర్ 2032 బ్యాటరీ అయిపోయిన సూచన. అప్పుడు ప్రభుత్వ వెబ్‌సైట్లు కూడా భద్రత లేదని చెప్పి తెరుచుకోవు, బ్యాటరీ మారిస్తే సరిపోతుంది.

రెండవదానికి కారణం విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్. ఆ సౌకర్యం ఉన్నప్పుడు షట్‌డౌన్ చేసినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది, ఆ స్థితిలో ఉన్న డిస్కు మీద రాస్తే ఫైళ్లు పాడవుతాయి కాబట్టి లినక్స్ చదవడానికి మాత్రమే ఒప్పుకుంటుంది. కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో దాన్ని తీసేసి, ఒకసారి పూర్తిగా ఆపి చూడండి. బలవంతంగా రాయించే మార్గాలు ఎవరైనా చెప్పినా వినకండి.

దస్తావేజు గది | డిసెంబరు 6

రెండూ సరిపోయాయి. లినక్స్‌లో కీబోర్డు అమరికలు మార్చే ఐబస్‌లో ఎం17ఎన్ అనే అమరికల సంకలనం ద్వారా తెలుగు యాపిల్ అమరిక దొరికింది. బాబాయి మొదట తెర వైపు కూడా చూడకుండా ‘ఈ దిగువ షెడ్యూలులో వివరించిన ఆస్తిని’ అని టైపు చేసి, తలెత్తి చూసుకుని, ఏమీ మాట్లాడకుండా తరువాతి వాక్యం మొదలుపెట్టారు. రెండు మూడు ఒత్తుల దగ్గర వేళ్లు తడబడ్డాయి, అవి ఒక కాగితం మీద రాసి తెర పక్కన అతికించాము.

స్టాంపు కాగితాన్ని స్కేలుతో కొలిచి, ఆ కొలతలతోనే పేజీ సైజు తయారు చేశాను. మొదటి పుటకు ఫస్ట్ పేజ్ అన్న పేజీ స్టైలు పెట్టి, ముద్ర ఉన్న భాగం మేరకు పైన ఖాళీ వదిలితే, రెండవ పుట నుంచి మామూలు అంచులు వాటంతటవే వస్తున్నాయి. ముందుగా తెల్ల కాగితం మీద ప్రింటు తీసి, దాన్ని స్టాంపు కాగితంతో కలిపి వెలుతురుకు ఎదురుగా పట్టి చూసుకుంటున్నాము.

ఒక చిక్కు మిగిలింది. ‘ఆధార్’ తరువాత ‘కు’ టైపు చేస్తే రెండూ కలిసిపోయి ‘ఆధార్కు’ అయిపోతోంది. అనులో ఈ బాధ లేదు.

అక్షరశాల | డిసెంబరు 6

యూనికోడ్‌లో పొల్లు తరువాత హల్లు వస్తే అది ఒత్తుగా మారడం నియమం. కలవకుండా ఆపడానికి మధ్యలో కంటికి కనిపించని ఒక అక్షరం పెట్టాలి. లిబ్రేఆఫీస్‌లో పొల్లు తరువాత 200 అంకె, దాని వెంటనే ఇంగ్లీషు ‘సి’ అక్షరం టైపు చేసి, ఆల్ట్, ఎక్స్ మీటలను కలిపి నొక్కండి. ఆ నాలుగు అక్షరాలూ మాయమవుతాయి, ఆ తరువాత ‘కు’ టైపు చేస్తే ‘ఆధార్‌కు’ అని విడిగా నిలుస్తుంది. ప్రతిసారీ ఇలా చేయడం కష్టం కాబట్టి ఆధార్‌కు, ఆధార్‌లో, రిజిస్ట్రార్‌కు, రిజిస్ట్రార్‌లో వంటి మాటలను ఒకసారి సరిగ్గా రాసి, ఆటో కరెక్ట్ పట్టికలో తప్పు రూపం ఎడమ వైపు, సరైన రూపం కుడి వైపు చేర్చండి. ఆ పట్టికను మూడు యంత్రాలలోనూ పెట్టడం మరచిపోకండి.

దస్తావేజు గది | డిసెంబరు 7

పట్టికలో ఇరవై రెండు మాటలు చేర్చాను, పనిచేస్తోంది. మూడవ యంత్రాన్ని సంక్రాంతి సెలవుల్లో మారుస్తాను, అప్పటిదాకా అందులో 2014 నుంచి ఉన్న పేజ్‌మేకర్ ఫైళ్లను పీడీఎఫ్‌లుగా మార్చే పని సాగుతోంది, ప్రస్తుతం 2017లో ఉన్నాము. ట్యాలీ యంత్రం అలాగే ఉంటుంది.